ఆ వేరే కథ రాయండి

జనవరి 9న ఎడిటర్ గారి నుంచి మెయిల్ వచ్చింది. కాలం మీద ఒక ప్రత్యేక సంచిక వేస్తున్నామనీ, సమయపాలన గురించి 1,200 పదాల వ్యాసం కావాలనీ, ఫిబ్రవరి 10లోపు ఇవ్వగలరా అనీ అడిగారు. పది నిమిషాల్లో ఇస్తానని జవాబు పెట్టేశాను. సమయపాలన మీద నాకేం ఆసక్తి ఉందని ఒప్పుకున్నానో ఇప్పుడు ఎవరైనా అడిగితే చెప్పలేను. అడిగారు కదా అన్న మొహమాటం, పైగా చేతిలో నెల రోజుల గడువు. చిన్న వ్యాసమే కదా అనుకున్నాను.

అది అచ్చయ్యేసరికి ఏప్రిల్ వచ్చింది. మొదటి అక్షరం నుంచి మూడుసార్లు రాశాను. ఇష్టమున్న విషయం మీద రాస్తే అదే బాగా వస్తుందని చాలామంది అంటారు, నేనూ ఎవరికో ఒకరికి చెప్పే ఉంటాను. నాకు జరిగింది మాత్రం అంత తిన్నగా లేదు. ఇష్టం లేకుండా రాసింది ఎలా పాడైందో చూశాను. ఇష్టం పొంగిపొర్లినప్పుడు రాసింది ఇంకా ఎలా పాడైందో కూడా చూశాను. ఎవరైనా ఇదే దారిలో ఉంటే పనికొస్తుందని, ఏ రోజు ఏం జరిగిందో వరసగా చెబుతున్నాను.

జనవరి 11న కూర్చున్నాను. "సమయం డబ్బు కన్నా విలువైనది" అని మొదలుపెట్టాను. రెండో వాక్యం "కాలం ఎవరి కోసమూ ఆగదు". ఈ రెండూ రాయడానికి నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు, ఎందుకంటే వాటిని నేను రాయలేదు. ఎప్పుడో ఎక్కడో విన్నవి వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. తర్వాత "ప్రణాళికాబద్ధంగా వ్యవహరించడాన్ని అలవరచుకోవాలి" అని ఒకటి. ఈ వాక్యం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇందులో మనిషి లేడు, పనీ లేదు. ఎవరో ఏదో అలవరచుకోవాలి, అంతే.

నాకు బోరు కొడుతోందని చేతులకు ముందు తెలిసింది, బుర్రకు తర్వాత తెలిసింది. ప్రతి నాలుగు లైన్లకీ పదాల లెక్క చూసుకునేదాన్ని. 312. మళ్లీ చూస్తే 340. "చాలా ముఖ్యం" అన్నచోట "అత్యంత ముఖ్యమైనదని వేరే చెప్పనక్కర్లేదు" అని మార్చి రెండు పదాలు లాభపడ్డాను. వేరే చెప్పనక్కర్లేనిదాన్ని ఎందుకు చెబుతున్నానన్న అనుమానం ఆ రోజు రాలేదు. పాఠకులు తమ సమయం ఎటు పోతోందో ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకోవాలని కూడా సలహా ఇచ్చాను. ఇచ్చినందుకు సిగ్గేసి నేనూ ఒక నోట్‌బుక్ పెట్టాను. ఆ మొదటి వ్యాసం వల్ల నాకు కలిగిన లాభం అదొక్కటే. ఇక్కడ నేను చెప్పే గంటలు, తేదీలు అన్నీ దాంట్లోవే.

12 రోజులు, 14 గంటలు. జనవరి 22న 1,204 పదాలు పంపేశాను. పంపాక సంతోషం ఏమీ లేదు, ఒక బిల్లు కట్టేసినట్టు ఉంది.

ఆ వ్యాసంలో ఒకచోట, చెప్పిన టైముకు రావడం గురించి రాస్తూ, బ్రాకెట్లో ఒక ముక్క పెట్టాను: (నా చేతి గడియారం రోజుకు తొమ్మిది నిమిషాలు ముందుకు పోతుంది, అది వేరే కథ). రెండుసార్లు తీసేశాను. వ్యాసం గంభీరంగా నడుస్తుంటే మధ్యలో ఈ సొంత గోల ఏమిటని. రెండుసార్లూ పదాలు తక్కువయ్యాయి, మళ్లీ పెట్టాను. అలా బతికింది అది.

11 రోజులు చప్పుడు లేదు. మొదటి మూడు రోజులూ నేనూ పట్టించుకోలేదు. నాలుగో రోజు నుంచి మెయిల్ తెరవడం, మూయడం. నచ్చని పని చేసి పంపినా మెచ్చుకోలు కోసం మాత్రం అంతే ఆత్రంగా ఎదురుచూస్తాం, ఇదొక విచిత్రం.

ఫిబ్రవరి 2న ఫైల్ తిరిగొచ్చింది. తప్పులు దిద్ది ఎరుపెక్కి ఉంటుందనుకుని తెరిచాను. ఎక్కడా ఒక్క గీత లేదు. మొత్తం తెల్లగా ఉంది. మూడో పేజీలో మాత్రం ఆ బ్రాకెట్లోని ముక్క మీద పసుపు రంగు. పక్కన కామెంట్: "ఆ వేరే కథ రాయండి. మిగతాది అక్కర్లేదు."

ముందు కోపం వచ్చింది. సమయపాలన మీద రాయమన్నది తమరే కదా అంటూ ఒక జవాబు టైపు చేశాను, చాలా మర్యాదగా, చాలా పొడుగ్గా. పంపలేదు. సాయంత్రానికి ఆ కోపం ఎటు పోయిందో తెలీదు, దాని కింద నుంచి ఒక తేలిక బయటికొచ్చింది. ఆ వాక్యాలు నావి కావని నాకు తెలుసు. అవి పోయినందుకు నేనెందుకు ఏడవాలి?

గడియారం గురించి ఇక్కడ కాస్త చెప్పాలి. అది మా నాన్నది. రోజూ కీ ఇవ్వాల్సిన రకం. రెండేళ్ల క్రితం తీసి నా చేతిలో పెట్టారు. "నీకు ఇవంటే పిచ్చి కదా, తీసుకో. నాకు దీంతో రోజూ పేచీ, ఎప్పుడు చూసినా ముందే పరిగెడుతుంది" అన్నారు. నిజంగానే నాకు పిచ్చి. పదిహేనేళ్లప్పుడు పాడైపోయిన ఒక అలారం గడియారం విప్పి, తిరిగి బిగించలేక, మరలన్నీ ఒక డబ్బాలో దాచాను. అప్పటి నుంచి వదల్లేదు. కంటికి పెట్టుకునే భూతద్దం, సన్నటి స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు ఉన్నాయి. పొద్దున లేవగానే కీ ఇస్తాను. బొటనవేలి కింద ఆ పళ్లు గరగరమంటూ తిరిగి, ఇరవయ్యో ఇరవై రెండో మెలికల తర్వాత ఇక చాలన్నట్టు గట్టిపడుతుంది. ఆ గట్టిపడే క్షణం కోసమే కీ ఇస్తానేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

మరి ఇంత ఇష్టమున్నదాన్ని, సమయం మీద వ్యాసమడిగితే గడియారాన్ని బ్రాకెట్లో ఎందుకు పెట్టాను? ఇది నన్ను చాలా రోజులు తొలిచింది. ఇష్టమైనది ఇంటి విషయం, వ్యాసం అంటే బయటి విషయం అన్న భ్రమ ఏదో ఉండి ఉంటుంది. స్కూల్లో వ్యాసాలు రాసినప్పుడు పట్టిన జబ్బు అది.

ఫిబ్రవరి 3, 4 రాత్రులు. ఆ రెండు రాత్రుల గురించి ఎంత చెప్పినా తక్కువే. పదాల లెక్క ఒక్కసారి కూడా చూడలేదు. వేళ్లు ఆగలేదు. 1656లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ లోలకం గడియారం చేయడం దగ్గర మొదలుపెట్టి, 1675లో ఆయనే గడియారంలో అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రానికి హెయిర్‌స్ప్రింగ్ అనే సన్నటి చుట్ట స్ప్రింగ్ బిగించడం, ఆ తర్వాతే జేబు గడియారాల్లో నిమిషాల ముల్లుకు అర్థం రావడం, అక్కణ్ణుంచి జాన్ హారిసన్. పుట్టుకతో వడ్రంగి. సముద్రం మీద పనికొచ్చే గడియారం కోసం జీవితమంతా ధారపోసినవాడు. మూడో గడియారం మీద 19 ఏళ్లు కూర్చున్నాడు. చివరికి దాన్ని పక్కనబెట్టి అరచేతిలో పట్టే నాలుగోది చేశాడు. 1761లో అది జమైకాకు ఓడెక్కి, 81 రోజులకు 5 సెకన్లే వెనకబడింది. పళ్ల చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున వదిలే ఎస్కేప్‌మెంట్ ఎలా పనిచేస్తుందో రెండు పేజీలు. కెంపులు ఎందుకు పొదుగుతారో ఒక పేజీ. రెండో రాత్రి మూడున్నరకు లేచి చూస్తే 4,300 పదాలు. మొత్తం 9 గంటలు. డబ్బు ఖర్చేమీ లేదు, ఖర్చయింది నిద్ర. మర్నాడు కళ్లు మండుతున్నా ముఖం వెలిగిపోతోందని నాకే తెలుస్తోంది.

ఇదే నా అసలు వ్యాసం అనుకున్నాను. కాస్త కత్తిరిస్తే చాలనుకున్నాను.

ఫిబ్రవరి 6న మా తమ్ముడి చేతిలో ప్రింట్ పెట్టి ఎదురుగా కూర్చున్నాను. రాసినవాళ్లు ఎప్పుడూ చేయకూడని పని ఇది, కానీ చేసినందుకు నాకు మంచే జరిగింది. మొదటి పేజీ నవ్వుతూ చదివాడు. రెండో పేజీలో నవ్వు ఆగింది. మూడో పేజీలో కళ్లు లైన్ల మీద పోవడం మానేసి పేజీ మీద పడి ఉన్నాయి. తిప్పి రెండో పేజీకి వెళ్లాడు. మళ్లీ మూడు. 

"అక్కా, ఈ హెయిర్‌స్ప్రింగ్ ఎక్కడుంటుంది?"

"రెండో పేజీలో చెప్పాను కదరా."

"చెప్పావు. కానీ అక్కడికొచ్చేసరికి నాకు దాంతో పనేంటో తెలీదు. తెలీకపోతే ఎందుకు గుర్తుంటుంది?"

నేను చేయి తిప్పుతూ వివరించడం మొదలుపెట్టాను. మధ్యలో ఆపాడు. "అది సరే. ఇంతకీ నీ గడియారం ఎందుకు ముందుకు పోతోంది?"

"పాతదైపోయింది కదా." అదే వాక్యం వ్యాసంలోనూ ఉంది, మొదటి పేజీలోనే.

"పాతదైతే మెల్లగా నడవాలి కదక్కా?"

నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ల పిచ్చి, డబ్బా నిండా మరలు, 4,300 పదాలు, ఈ ఒక్క ప్రశ్నకు జవాబు లేదు. చమురు ఎండినా, దుమ్ము చేరినా గడియారం నడక పాడవుతుందని తెలుసు. అయితే రోజుకు తొమ్మిది నిమిషాలు ముందుకా? అసలు వెనక మూత తీసి చూస్తే నడక వేగాన్ని సర్దే చిన్న మీట ఒకటుంటుంది, ఒక పక్క ప్లస్, ఒక పక్క మైనస్. రెండేళ్లలో నేను దాన్ని జరిపి జరిపి మైనస్ చివరి దాకా తోసేశాను. ఇంకా తొమ్మిది నిమిషాలు ముందుకే పోతోంది. ఇది మామూలు సంగతి కాదని ఎవరికైనా అనుమానం రావాలి. నాకు రాలేదు. ఆ గడియారం అంటే ఎంత ముద్దంటే, దాని లోపాన్ని కూడా దాని స్వభావం కిందే లెక్కేసుకున్నాను. మా గడియారానికి కాస్త తొందరెక్కువ అని నవ్వుతూ చెప్పుకునేదాన్ని.

తమ్ముడు వెళ్లాక ప్రింటు మొత్తం మళ్లీ చదివాను. అప్పుడు కనబడింది. 4,300 పదాల్లో గడియారాన్ని చూసి రాసిన వాక్యం ఒక్కటీ లేదు. అంతా నాకు ముందే తెలిసింది. నాకు ఎంత తెలుసో నాకే చెప్పుకుని మురిసిపోయాను రెండు రాత్రులు. మొదటి వ్యాసంలో నేను లేను, రెండోదాంట్లో చదివేవాళ్లు లేరు. మొదటిది కనీసం పొట్టిగా ఉంది.

మూడు రోజులు ఏమీ రాయలేదు. ఆ మూడు రోజుల్లో వేరే పనిమీద చార్లెస్ డార్విన్ వానపాముల గురించి రాసింది చదవడం జరిగింది. అది నాకు గట్టిగా తగిలింది. వానపాములు నేలను ఎలా తిరగేస్తాయో 1837లో ఒక సభలో పరిశోధన వ్యాసం సమర్పించాడాయన. పుస్తకం వేసింది 1881లో, తన 72వ ఏట. మధ్యలో 44 ఏళ్లు. అన్నేళ్ల ఇష్టాన్ని ఆయన ఆ పేజీల్లో చెప్పుకోడు. చేసిన పనులు చెబుతాడు. వానపాములకు వినబడుతుందో లేదో తేల్చడానికి కొడుకు చేత వాటి దగ్గర బసూన్ అనే పెద్ద సన్నాయి లాంటి వాద్యం ఊదించాడు. ఉలుకూ పలుకూ లేదు. పియానో మోగించినా పట్టించుకోలేదు. అవే వానపాములున్న కుండీలను పియానో మీదే పెట్టి ఒక మెట్టు నొక్కితే చటుక్కున కలుగుల్లోకి దూరాయి. గాలిలో వచ్చే శబ్దం వాటికి అందదు, అదురు మాత్రం అందుతుంది. ఆ చోట నేను పుస్తకం పక్కనబెట్టి బయటకు చూస్తూ కూర్చున్నాను. ఆయనకు వానపాములంటే ఎంత ఇష్టమో ఒక్క మాట కూడా చెప్పకుండానే నాకు తెలిసిపోయింది. కుండీలు మోసుకెళ్లి పియానో మీద పెట్టేంత ఇష్టం.

ఫిబ్రవరి 9న ఎడిటర్ గారికి నిజం రాశాను. "వేరే కథ రాశాను, చెడిపోయింది, మళ్లీ రాయాలి." గంటలో జవాబు: ఫిబ్రవరి 28, ఆ తర్వాత కుదరదు. ఇంత తేలిగ్గా గడువు దొరుకుతుందని అనుకోలేదు. అడక్కుండా మూడు రోజులు టెన్షన్ పడింది ఊరికే.

"పాతదైపోయింది కాబట్టి" అన్న వాక్యం నన్ను వదల్లేదు. ఫిబ్రవరి 12న గడియారం ముందుపెట్టుకుని లెక్క వేశాను. ఈ గడియారం సెకనుకు 5 సార్లు కొట్టుకోవాలి, గంటకు 18,000, రోజుకు 4,32,000. తొమ్మిది నిమిషాలంటే 540 సెకన్లు. అంటే రోజుకు 2,700 దెబ్బలు ఎక్కువ కొడుతోంది. ముల్లు జారడం కాదిది, గుండె దడ. బ్యాలెన్స్ చక్రం నిజంగానే తొందరగా ఊగుతోంది. చక్రం తొందరగా ఊగాలంటే దాన్ని వెనక్కి లాగే హెయిర్‌స్ప్రింగ్ పొట్టిదైనా కావాలి, పొట్టిదైనట్టు నడవనైనా నడవాలి. స్ప్రింగు దానంతటది పొట్టిదవదు. కాబట్టి దాని చుట్లు ఎక్కడో ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. నూనె తగిలితే అంటుకోవచ్చు. లేదా అయస్కాంతం సోకితే.

13న రాత్రి పదకొండింటికి సొరుగులన్నీ వెతికి ఒక చిన్న దిక్సూచి పట్టుకున్నాను. సూది నిలకడగా ఉత్తరం చూసేదాకా ఆగి, గడియారాన్ని పక్కకు తెచ్చాను. సూది కదిలింది. గడియారం మీదే దిక్సూచి పెట్టాను. అప్పుడు సూది ఒకచోట నిలబడలేదు. సన్నగా, ఆగకుండా వణుకుతోంది. కింద చక్రం ఊగుతున్న లయకే పైన సూది వణుకుతోంది. లైటు దగ్గరకు తెచ్చి ఊపిరి బిగబట్టి ఎంతసేపు చూశానో తెలీదు. నోట్‌బుక్‌లో మాత్రం "13, రాత్రి 11.40, వణికింది" అని ఉంది. నా మూడో వ్యాసం అప్పుడే మొదలైంది, కాగితం మీద ఒక్క అక్షరం లేకపోయినా.

15న గడియారాలు బాగుచేసే తెలిసిన పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాను. వెనక మూత తీస్తారనుకుంటే "దీన్ని తెరవక్కర్లేదమ్మా" అన్నారు. మీట నొక్కే ఒక చిన్న నీలం డబ్బా తీశారు. లోపల తీగచుట్ట, కరెంటుతో నడుస్తుంది, సోకిన అయస్కాంతాన్ని వదిలిస్తుంది. గడియారాన్ని దాని మీద ఆనించి, మీట నొక్కి పట్టి, మెల్లగా పైకి దూరంగా ఎత్తారు. చేయి బాగా పైకి వెళ్లాక మీట వదిలారు. అంతే. నాలుగైదు సెకన్లు. రెండేళ్ల పేచీ, నాన్న కాలం నుంచీ లెక్కేస్తే ఇంకా ఎక్కువ, నాలుగైదు సెకన్లలో పోయింది.

ఇంటికొచ్చి మర్నాడు చూస్తే గడియారం ఆరు నిమిషాలు వెనకబడింది! గుండె ఆగినంత పనైంది. తర్వాత నవ్వొచ్చింది. మీటను మైనస్ చివరికి తోసింది నేనే కదా. జబ్బు పోయినా మందు మాత్రం ఇంకా పనిచేస్తోంది. దాన్ని మధ్యకు తెచ్చి, మూడు రోజులు రోజుకింత జరుపుతూ పోతే, రోజుకు 20 సెకన్ల తేడా దగ్గర నిలబడింది. అలాంటి గడియారానికి అది గౌరవమే. చెబితే నవ్వుతారు కానీ, కాస్త దిగులు కూడా వేసింది. పొద్దున కీ ఇచ్చేటప్పుడు తొమ్మిది నిమిషాలు వెనక్కి తిప్పడం నాకు అలవాటు. ఇప్పుడు తిప్పడానికేమీ లేదు.

ఫిబ్రవరి 16న రాయడం మొదలుపెట్టాను. మొదటి వాక్యం తమ్ముడి ప్రశ్నే. పాత గడియారం మెల్లగా నడవాలి కదా, ఇది ఎందుకు పరిగెడుతోంది? ఈసారి గడియారం కీబోర్డు పక్కనే ఉంది. తెలిసింది రాయడం తేలిక అనుకుంటాం, చూస్తూ రాయడం అంతకు పదింతల కష్టం. అంటుకున్న స్ప్రింగు గురించిన ఒక్క పేరా 14 సార్లు మార్చాను. "తలస్నానం చేశాక తడి వెంట్రుకలు అట్టలు కట్టినట్టు" అన్నది మూడో ప్రయత్నంలో వచ్చింది, అది ఉండిపోయింది. దాని పక్కన ఉయ్యాల పోలిక పెట్టాను, పొట్టి తాళ్ల ఉయ్యాల గబగబా ఊగుతుందని. చాలా అందంగా కుదిరింది. కానీ ఉయ్యాలను లాగేది భూమి, ఇక్కడ చక్రాన్ని లాగేది స్ప్రింగు. ఎవరూ పట్టుకోరు. ఒక రోజంతా దాంతో పోట్లాడి తీసేశాను. "స్ప్రింగు పొట్టిదైతే బిగువెక్కుతుంది, చక్రాన్ని వెంటనే వెనక్కి లాగేస్తుంది" అని పొడిగా రాశాను. సమయపాలన మీద రాసేటప్పుడైతే ఇలాంటి పోలిక దొరికితే రెండు చేతులా కావలించుకునేదాన్ని. విషయం మీద ప్రేమ ఉంటే కల్పనలు ఎక్కువ వస్తాయనుకున్నాను. కానీ ఈసారి అందంగా ఉన్న అబద్ధాన్ని ఒప్పుకోలేకపోవడమే ఎక్కువైంది.

హారిసన్‌ను మొత్తం తీసేశాను. ఏడు వందల పదాలు. ప్రాణం ఉసూరుమంది. 19 ఏళ్లు పనిచేసినదాన్ని ఆయనే పక్కన పెట్టాడు, నావి రెండు రాత్రులు, అని నచ్చజెప్పుకున్నాను. హైగెన్స్ ఒక వాక్యంలో మిగిలాడు, ఎందుకంటే ఆ స్ప్రింగు లేకపోతే కథే లేదు. కెంపులు, ఎస్కేప్‌మెంటు అన్నీ పోయాయి.

నాన్న మీద ఒక పేరా ఉండేది. నాన్న చేతి గడియారం అనగానే చదివేవాళ్లు గొంతు పూడుకుపోవడానికి సిద్ధమవుతారు, రాసేవాళ్లు ఇంకా ముందు సిద్ధమవుతారు. నేనూ రాశాను, ఆయన మణికట్టు, ఆ తోలు పట్టీ మీద మరక, అదీ ఇదీ. రాస్తూ నాకే కళ్లు తడిశాయి. రెండు రోజుల తర్వాత చదివితే అబద్ధంలా ఉంది. మా నాన్నకు ఆ గడియారమంటే ప్రేమ కాదు, విసుగు. విసుగు అనే రాశాను, రెండు లైన్లు.

ఇంకో సంగతి దాచకూడదు. 21, 22 తేదీల్లో నాకు ఆ గడియారమంటే మొహం మొత్తింది. చూడబుద్ధి కాలేదు. ఇష్టమున్న పని అలసట లేకుండా సాగుతుందని అనేవాళ్లు దాని మీద పదో రోజు కూర్చుని చూడాలి. ఆ రెండు రోజులూ నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది ఇష్టం కాదు. తమ్ముడి ప్రశ్నకు కాగితం మీద జవాబు ఇంకా సగంలోనే ఉంది, అది మెడలో ముల్లులా ఉంది. 23న మళ్లీ దిక్సూచి గురించి రాసే చోటుకు వచ్చేసరికి ఆకలి వేసినట్టు ఇష్టం తిరిగొచ్చింది.

27న పంపాను. 1,180 పదాలు, 12 రోజులు, 31 గంటలు. మొదటిది 14, రెండోది 9, మూడోది 31. నోట్‌బుక్‌లో ఈ మూడు అంకెలూ ఒకదాని కింద ఒకటి చూసినప్పుడు కాస్త బిత్తరపోయాను.

19 రోజుల తర్వాత, మార్చి 18న ఫైల్ వచ్చింది. ఈసారి ఎరుపెక్కే ఉంది, చూడగానే ప్రాణం లేచొచ్చింది. 11 ప్రశ్నలు. "గంటకు 18,000, సరిచూశారా?" "1675కు ఆధారం?" "మీట ఎటు జరిపితే ఏమవుతుంది, ఇక్కడ తిరగబడింది." నిజంగానే తిరగబడింది. ప్లస్ అనాల్సిన చోట మైనస్ అన్నాను, రోజూ చేత్తో జరిపే మీట గురించి. రాత్రిపూట నిశ్శబ్దంలో గడియారం చప్పుడు మీద నాకెంతో ఇష్టమైన ఒక వాక్యాన్ని కొట్టేసి పక్కన "అక్కర్లేదు" అని రాశారు. వాదించాను. ఒప్పుకోలేదు. రెండు రోజులు అలిగాను, లోపల్లోపలే. ఇప్పుడు అచ్చులో చూస్తే ఆ వాక్యం లేని సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

వ్యాసం చివర్లో, ఈ అయస్కాంతం ఎక్కణ్ణుంచి సోకిందో చెప్పాలి కదా. నేను రాత్రిళ్లు గడియారాన్ని మంచం పక్కన చిన్న స్పీకర్ మీద పెడతాను. స్పీకర్ లోపల అయస్కాంతం ఉంటుంది. దొంగ దొరికాడు. ఆ స్పీకర్ మీద చివరి పేరా చక్కగా కుదిరింది. ఎడిటర్ గారు ఆ పేరాను ముట్టుకోలేదు కూడా.

ఏప్రిల్ 5న సంచిక వచ్చింది. 6న ఉదయం నాన్న ఫోన్ చేశారు.

"చదివానమ్మా. బాగుంది. ఆ సూది వణకడం నేను కూడా చూడాలి, ఈసారి వచ్చినప్పుడు తీసుకురా."

"ఇప్పుడు వణకదు నాన్నా, బాగైపోయింది కదా."

"ఆ, అవును. ఒక్కటే అర్థం కాలేదు నాకు. నీ స్పీకరు వల్ల పాడైందని రాశావు. అది నీ దగ్గరకు రాకముందు నుంచే ముందుకు పోయేది కదమ్మా? అందుకే కదా నీకిచ్చింది."

నేను మాట్లాడలేదు. ఆయన విసుగు గురించి ఆ వ్యాసంలోనే రెండు లైన్లున్నాయి, నేనే రాశాను. మూడో పేజీలో దొంగను పట్టుకున్నాను, మొదటి పేజీలోనే వాడు నిర్దోషి అని సాక్ష్యం పెట్టి. నాకు కనబడలేదు. 11 ప్రశ్నలడిగిన ఎడిటర్ గారికీ కనబడలేదు. ఆ స్పీకర్ పేరా అంత బాగా కుదిరింది మరి.

"నాకప్పుడు ఒక పాత ఫోన్ ఉండేది గుర్తుందా?" అన్నారు నాన్న. "పుస్తకంలా మడిచే కవరుతో. దగ్గరకు తెస్తే టప్పుమని దానంతటదే అంటుకునేది. పడుకునేముందు గడియారం తీసి రోజూ దాని మీదే పెట్టేవాణ్ణి. టేబుల్ మీద గీతలు పడతాయని."

ఫోన్ పెట్టేసిన వెంటనే ఎడిటర్ గారికి మెయిల్ రాశాను. తప్పు ఎలా జరిగిందో, ఆ కవరులో అయస్కాంతం ఎక్కడుంటుందో, స్పీకర్ మీద నాకు అనుమానం ఎందుకు వచ్చిందో, అన్నీ వివరంగా. సవరణ వేస్తారా అని అడిగాను. పంపాక చూసుకుంటే ఆ మెయిల్ 600 పదాలుంది.

సాయంత్రం జవాబు వచ్చింది. "వచ్చే సంచికలో నాలుగు లైన్లు ఇస్తాను. నాలుగే."